లింకు అడిగే మెయిల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే పని గురించి: సెర్చ్‌లో పైకి రావడం కోసం వేరే సైట్ల నిర్వాహకులకు మెయిల్ రాసి, మన సైటుకు లింకు అడగడం. ఒకే ప్రశ్నను నలుగురైదుగురు అడిగిన చోట కలిపి ఒక్కటిగా ఇచ్చాం.

ప్రశ్న: సైకిళ్ల మరమ్మతు మీద సైటు నడుపుతున్నాను. రెండు వేల మెయిల్ అడ్రసుల జాబితా ఒకటి అమ్మకానికి దొరికింది. మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ కూడా సిద్ధంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ముందు ఆ జాబితా కొనకండి. అలాంటి జాబితాల్లో ఎప్పుడో మూతపడ్డ అడ్రసులు బోలెడు ఉంటాయి. వాటి మధ్య స్పామ్ పంపేవాళ్లను పట్టుకోవడానికి వలలా పెట్టిన అడ్రసులూ ఉంటాయి. వాటికి మెయిల్ వెళ్లిందంటే మీ డొమైన్‌కు (మీ సైటు అడ్రసుకు) చెడ్డపేరు వస్తుంది. ఆ తర్వాత మీ మామూలు ఉత్తరాలు కూడా స్పామ్‌లోకే పోతాయి.

అసలు మీ ప్రశ్నలో ఒక మాట లేదు: ఏ పేజీకి లింకు అడుగుతున్నారు? ఊరికే హోమ్ పేజీకి లింకు ఇచ్చే అవసరం ఎవరికీ ఉండదు. మీ దగ్గర గొలుసు ఎంత అరిగితే మార్చాలో చెప్పే పట్టిక ఉందనుకుందాం. అది అడగదగ్గ పేజీ. ఆ ఒక్క పేజీని ముందు పెట్టుకుని, అది ఎవరి పేజీలో లోటు తీరుస్తుందో వెతకండి.

వెతకాల్సినవి మూడు రకాలు. మీ సైటు పేరు ప్రస్తావించి లింకు ఇవ్వడం మరిచిపోయిన పేజీలు అన్నిటికన్నా సులువు. ముందు అవే చూడండి. రెండోది, తమ పాఠకులకు పనికొచ్చే సైట్ల పట్టిక పెట్టిన పేజీలు. మూడోది, చచ్చిపోయిన లింకులున్న పేజీలు. ఈ మూడో రకానికి ఓపిక కావాలి. బ్రౌజర్‌లో లింకులు తనిఖీ చేసే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే 404 (ఆ పేజీ లేదు) అని వచ్చేవన్నీ ఎర్రగా కనిపిస్తాయి. కనిపించగానే మెయిల్ రాయడానికి కూర్చోకండి. ఆ చచ్చిన పేజీ పాత రూపాన్ని, పాత పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషిన్ అనే సైటులో తెరిచి, అందులో ఏముండేదో చదవండి. అది బ్రేకుల గురించి అయితే మీ గొలుసు పట్టిక దాని స్థానంలో ఇమడదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

దొరికినవన్నీ ఒక షీట్‌లో ఎక్కించండి. పేజీ అడ్రసు, లింకు ఏ వాక్యం దగ్గర పెట్టవచ్చు, ఎందుకు, నిర్వాహకుడి పేరు, మెయిల్, ఆ మెయిల్ ఎక్కడ దొరికింది, పంపిన తేదీ, వచ్చిన జవాబు. వీటిలో ‘ఎందుకు’ అన్న గడి చాలా ముఖ్యం. దాన్ని ఒక్క వాక్యంలో నింపలేకపోతే ఆ వరస కొట్టేయండి. రెండు వందల పేజీలు చూసి యాభై మిగిలాయంటే పని బాగా జరిగినట్టే. ఏడాదిగా కొత్త రాత లేని సైట్లు, సంబంధం లేని వంద విషయాలకు లింకులిచ్చే సైట్లు, ‘ఇక్కడ వ్యాసం వేయాలంటే రేటు ఇంత’ అని బోర్డు పెట్టినవి కూడా తీసేయండి. సైటు బలాన్ని అంచనా వేసే డొమైన్ అథారిటీ లాంటి అంకెలు చూసి వరసలు పేర్చవద్దు. అవి బయటి కంపెనీలు కట్టిన లెక్కలు. గూగుల్ వాటిని వాడదు.

ప్రశ్న: అడ్రసులు సరిచూసే టూల్‌లో కొన్నిటికి ‘క్యాచ్-ఆల్’ అని వచ్చింది. పంపవచ్చా?

జవాబు: ఆ టూల్ చేసే పని ఇంతే. అవతలి మెయిల్ సర్వర్ తలుపు తట్టి, ఫలానా పేరుతో ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగి, జవాబు విని, ఉత్తరం ఇవ్వకుండా తిరిగొస్తుంది. క్యాచ్-ఆల్ సర్వర్ ఏ పేరు చెప్పినా ‘ఉన్నారు’ అంటుంది. కాబట్టి అడ్రసు నిజమో కాదో అక్కడ తేలదు. వాటిని చివరికి పెట్టుకుని రోజుకు రెండు మూడు చొప్పున పంపండి. అంతకన్నా మంచిది, సైటులోనే రాసి ఉన్న అడ్రసు వాడటం. లేదంటే సంప్రదింపుల ఫారం ఉంది కదా.

తిరిగొచ్చిన మెయిల్‌లో 5తో మొదలయ్యే కోడ్ ఉండి, కారణం దగ్గర అలాంటి అడ్రసు లేదని రాసి ఉంటే (ఎక్కువగా కనిపించేది 550) వెంటనే జాబితాలోంచి తీసేయండి. అదే 550తో ‘మీ మెయిల్‌ను అడ్డుకున్నాం’ అని ఉంటే తప్పు అడ్రసుది కాదు, మీ డొమైన్‌ది. 4తో మొదలైతే అడ్డంకి తాత్కాలికం. మీ సర్వర్ తనంతట తానే మళ్లీ ప్రయత్నిస్తుంది, మీరు రెండోసారి పంపనక్కర్లేదు. వందకు రెండు కన్నా ఎక్కువ తిరిగొస్తుంటే పంపడం ఆపి జాబితా మళ్లీ చూడండి.

ప్రశ్న: నా మెయిళ్లు నా సొంత జీమెయిల్‌లోనే స్పామ్‌లో పడుతున్నాయి. రాతలో తప్పేమీ కనిపించడం లేదు.

జవాబు: తప్పు రాతలో కాకుండా కవరు మీద ఉండి ఉంటుంది. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, ఆ మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలు కనిపిస్తాయి. మూడింటికీ ‘పాస్’ రావాలి.

ఎస్‌పీఎఫ్ అంటే మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో చెప్పే జాబితా. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. హోస్టింగ్ వాళ్లు ఒక రికార్డు పెట్టి ఉంటారు. మెయిళ్లు పంపే టూల్ వాళ్లు ఇంకొకటి ఇస్తారు, మీరు దాన్నీ విడిగా చేరుస్తారు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. రెండో దానిలోని ‘ఇన్‌క్లూడ్’ భాగాన్ని తీసి మొదటి దానిలో కలపండి. ఆ రికార్డు చదవడానికి డీఎన్‌ఎస్‌లో (డొమైన్ల వివరాలుండే పట్టికలో) చేసే వెతుకులాటలు 10 దాటినా అది విఫలమే. వాడటం మానేసిన పాత సేవలను తీసేస్తే ఈ బెడద ఉండదు.

డీకిమ్ ప్రతి మెయిల్ మీద పడే డిజిటల్ సంతకం. ‘పాస్’ వచ్చినా పక్కన ఏ డొమైన్ పేరుందో చూడండి. మీ పేరు బదులు టూల్ కంపెనీ పేరుంటే, ఆ సంతకం డీమార్క్ లెక్కలోకి రాదు. ఎందుకంటే డీమార్క్ అడిగేది వేరే ప్రశ్న: పంపినవారి చోట కనిపించే డొమైనూ, సంతకం చేసిన డొమైనూ ఒకటేనా? టూల్ సెట్టింగుల్లో మీ సొంత డొమైన్‌ను ధ్రువీకరించుకుంటే ఇది కుదురుతుంది. డీమార్క్‌ను మొదట ‘నన్’ విధానంతో (తప్పిన మెయిళ్లనూ ఆపవద్దని చెప్పేది) పెట్టి, నివేదికలు వచ్చే అడ్రసు ఇవ్వండి. కొన్ని వారాలు చూసి ఆ తర్వాత బిగించండి.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 దాటి పంపేవారికి ఈ మూడూ తప్పనిసరి. ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండి తీరాలి. స్పామ్ అని నొక్కేవారు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపే ఉంటే మేలు. లెక్క వేసి చూడండి: వెయ్యి మెయిళ్లకు ముగ్గురు నొక్కినా గీత తాకినట్టే.

ఇంకొక్కటి. కొత్త డొమైన్ కొని, మర్నాడే వంద మెయిళ్లు పంపవద్దు. మొదటి వారం రోజుకు ఐదారు, తర్వాత పది, పదిహేను. లింకుల పనికి రోజుకు ముప్పై దాటాల్సిన అవసరం మాకు ఎప్పుడూ కనిపించదు. చూసి రాసే ఉత్తరాలు అంతకన్నా ఎక్కువ తయారు కావు కూడా.

ప్రశ్న: నేను పంపుతున్న మెయిల్ ఇది: ‘గౌరవనీయులైన వెబ్‌సైట్ నిర్వాహకులకు, మీ అద్భుతమైన వ్యాసాలు చదివి ముగ్ధుడినయ్యాను. మా సైటు కూడా నాణ్యమైన సమాచారం అందిస్తోంది. దయచేసి మాకు డూఫాలో లింకు ఇవ్వగలరు. బదులుగా మేమూ మీకు లింకు ఇస్తాం.’ అరవై పంపాను, ఒక్క జవాబు రాలేదు.

జవాబు: ఇందులో అవతలి మనిషి పేజీ గురించి ఒక్క ముక్క లేదు. పేరు మార్చకుండా ఎవరికైనా పంపదగ్గ ఉత్తరం ఇది. చదివేవారికి ఆ సంగతి మొదటి వరసలోనే తెలిసిపోతుంది. ‘ముగ్ధుడినయ్యాను’ అనేవాడు ఏ వ్యాసమో చెప్పాలి కదా. ‘డూఫాలో’ అనే గుర్తు కోడ్‌లో అసలు లేనేలేదు. ఏ గుర్తూ లేని మామూలు లింకుకు జనం పెట్టుకున్న పేరది. పైగా ఆ మాట వినగానే లింకుల వ్యాపారి అనుకుంటారు. ఇక నువ్వు నాకు, నేను నీకు అన్న మార్పిడి విచ్చలవిడిగా సాగితే గూగుల్ స్పామ్ నియమాల కిందకు వస్తుంది.

అదే పని ఇలా రాయవచ్చు. సబ్జెక్ట్: సైకిల్ మరమ్మతు పేజీలో తెరుచుకోని లింకు.

‘నమస్కారమండీ. మీ సైకిల్ మరమ్మతు పేజీలో, గేర్ల భాగం కింద మూడో లింకు (గొలుసు అరుగుదల) తెరుచుకోవడం లేదు, 404 చూపిస్తోంది. అదే విషయం మీద మా పేజీ ఒకటుంది. ఎన్ని గేర్ల సైకిల్‌కు గొలుసు ఎంత సాగితే మార్చాలో పట్టిక, స్కేలుతో కొలిచే తీరు ఫొటోలతో ఇచ్చాం. పనికొస్తుందనిపిస్తే పాత లింకు స్థానంలో వాడుకోండి. లేకపోతే పాతది తీసేసినా మీ పాఠకులకు ఇబ్బంది తప్పుతుంది. ఇలాంటివి రాయవద్దంటే ఒక్క మాట చెప్పండి, మళ్లీ రాయను.’

కింద మీ అసలు పేరు, సైటు పేరు. అంతే. ఫైళ్లు జోడించకండి, బొమ్మలు వద్దు, లింకు ఒక్కటే. సబ్జెక్ట్‌లో లేని సంభాషణ ఉన్నట్టు ‘రీ:’ అని పెట్టకండి. అలా మభ్యపెట్టే సబ్జెక్ట్‌ను అమెరికా చట్టం నిషేధించింది.

షీట్ నుంచి పేర్లు ఆటోమేటిక్‌గా నింపే ఏర్పాటు వాడుతుంటే రెండు జాగ్రత్తలు. గడి ఖాళీగా ఉంటే ‘నమస్కారం గారూ’ అని వెళ్లిపోతుంది, కాబట్టి ఖాళీ గడికి బదులు మాట పెట్టి ఉంచండి. ఇక షీట్‌ను సీఎస్‌వీ (కామాలతో వేరుచేసిన మామూలు టెక్స్ట్ ఫైలు) గా దాచేటప్పుడు యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతి ఎంచుకోకపోతే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారతాయి. ముందు ఐదు మెయిళ్లు మీకే పంపుకుని, ఫోన్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడండి.

ప్రశ్న: ముందు అనుమతి లేకుండా ఇలా మెయిల్ రాయడం చట్టరీత్యా తప్పా?

జవాబు: అందుకునేవారు ఏ దేశంలో ఉన్నారన్నది చూడాలి. అమెరికా 2003 నాటి చట్టం ముందస్తు అనుమతి అడగదు. కానీ వాణిజ్య మెయిల్‌లో నిజమైన పోస్టల్ చిరునామా, ఇక వద్దని చెప్పే దారి ఉండాలంటుంది. వద్దన్నవారిని 10 పని దినాల్లో తీసేయాలి. కెనడా చట్టం 2014 నుంచి అమల్లో ఉంది, అది అనుమతి అడుగుతుంది. అయితే వృత్తిపరంగా బహిరంగంగా పెట్టిన అడ్రసుకు, ప్రకటనలు పంపవద్దని రాసి లేకపోతే, వారి పనికి సంబంధించిన మెయిల్ పంపే వెసులుబాటు ఉంది. యూరప్‌లో 2018 నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. మనిషి పేరున్న అడ్రసు అక్కడ వ్యక్తిగత సమాచారమే. ఎక్కడ దొరికిందని అడిగితే చెప్పగలగాలి, తీసేయమంటే తీసేయాలి. షీట్‌లో ‘మెయిల్ ఎక్కడ దొరికింది’ అన్న గడి పెట్టమన్నది అందుకే.

ప్రశ్న: తెరిచినవారు 70 శాతం అని టూల్ చూపిస్తోంది. జవాబులు మాత్రం లేవు.

జవాబు: ఆ అంకెను నమ్మకండి. 2021 సెప్టెంబరులో యాపిల్ తెచ్చిన గోప్యతా ఏర్పాటు, మనిషి తెరిచినా తెరవకపోయినా మెయిల్‌లోని బొమ్మలను ముందే దింపుకుంటుంది. ట్రాకింగ్ అనేది మెయిల్‌లో దాచిన చిన్న బొమ్మే కాబట్టి, ‘తెరిచారు’ అని లెక్క పడిపోతుంది. ఈ పనికి ట్రాకింగ్ పూర్తిగా కట్టేయండి. జవాబులు, వచ్చిన లింకులు, ఈ రెండే లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: జవాబు రాకపోతే ఎన్నిసార్లు గుర్తు చేయాలి?

జవాబు: ఒక్కసారి. ఐదారు పని దినాలయ్యాక, పాత మెయిల్ కిందే, రెండు వాక్యాల్లో. మూడోసారి రాస్తే స్పామ్ బటన్ వైపు మీరే తోసినట్టు.

ప్రశ్న: ఒకాయన లింకు ఇస్తానన్నాడు, కానీ డబ్బు అడుగుతున్నాడు.

జవాబు: ఇవ్వవద్దని మా సలహా. డబ్బిచ్చి పెట్టించుకున్న లింకుకు ‘స్పాన్సర్డ్’ అని గుర్తు ఉండాలని గూగుల్ నియమం. ఆ గుర్తును 2019 సెప్టెంబరులో తెచ్చింది, పాత ‘నోఫాలో’ గుర్తు (ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్‌కు చెప్పేది) పెట్టినా సరే. గుర్తు పెడితే ర్యాంకు కోసం ఆ లింకు మీద పెద్దగా ఆశ పెట్టుకోలేరు. పెట్టకపోతే నియమం తప్పినట్టు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ సెర్చ్‌లో చేసిన పెంగ్విన్ అనే మార్పుతో ఇలా లింకులు కూడబెట్టుకున్న సైట్లు ఎన్నో సెర్చ్‌లో కిందకు జారిపోయాయి. ప్రకటనగా జనం చూస్తే చాలనుకుంటే మాత్రం గుర్తు పెట్టించి కొనుక్కోవచ్చు.

ప్రశ్న: లింకు పెట్టామని జవాబొచ్చింది. నెల దాటినా సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే నివేదికల పేజీలో) కనిపించడం లేదు.

జవాబు: ఆ నివేదిక నెమ్మదిగా నిండుతుంది, పైగా అన్ని లింకులనూ చూపదు. ఈలోగా మీరే ఆ పేజీ సోర్స్ (దాని వెనకున్న కోడ్) తెరిచి మీ డొమైన్ పేరు వెతకండి. దొరికితే ఆ చుట్టుపక్కల ‘నోఫాలో’ ఉందా, పేజీ పైభాగంలో ‘నోఇండెక్స్’ ఉందా చూడండి. నోఇండెక్స్ ఉంటే ఆ పేజీ సెర్చ్‌కు లేనట్టే. అడ్రసులో ఒక అక్షరం తప్పుగా అతికించి ఉండవచ్చు కూడా, నొక్కి చూడండి. పేజీలో కనిపిస్తూ సోర్స్‌లో దొరకకపోతే, లింకు జావాస్క్రిప్ట్ ద్వారా వస్తోందన్నమాట. అలాంటిదాన్ని గూగుల్ ఆలస్యంగా చూడవచ్చు. అక్షరం తప్పయితే నిస్సంకోచంగా రాయండి, వాళ్లు సరిచేస్తారు. నోఫాలో అయితే ఊరుకోండి. అది వాళ్ల సైటు, వాళ్ల ఇష్టం.