టెక్ సందేహాలు: వదిలేసిన సబ్‌డొమైన్‌లో జూదం పేజీ

ప్రశ్న: మాది వార్తా సంస్థ. గత ఎన్నికలప్పుడు పాఠకుల ప్రశ్నలకు జవాబులివ్వడానికి ఒక సబ్‌డొమైన్‌లో (మా సైటు పేరుకు ముందు ఇంకో పదం చేర్చిన చిరునామాలో) విడిగా పేజీ నడిపాం. ఫలితాలొచ్చాక ఆపేశాం. ఇప్పుడు ఆ లింకు నొక్కితే జూదం సైటు తెరుచుకుంటోంది. మా సర్వర్ అంతా వెతికినా ఏమీ దొరకలేదు. హ్యాకింగ్ ఎక్కడ జరిగినట్టు?

జవాబు: మీ సర్వర్‌లోకి ఎవరూ చొరబడలేదు. అందుకే అక్కడ జాడ దొరకలేదు. పత్రికల నుంచి, చానళ్ల నుంచి ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. కారణమూ దాదాపు ప్రతిసారీ ఒకటే. పేజీని బయటి హోస్టింగ్ సేవలో పెట్టి, సబ్‌డొమైన్‌కి వచ్చినవాళ్లను అటు పంపమని డీఎన్‌ఎస్‌లో (ఏ చిరునామాకు ఏ సర్వరో చెప్పే పట్టికలో) సీనేమ్ రికార్డు, అంటే ఒక పేరును మరో పేరుకు మళ్లించే నమోదు, రాస్తారు. పని అయిపోయాక హోస్టింగ్ ఖాతా రద్దు చేస్తారు, రికార్డు సంగతి మరిచిపోతారు. అది ఇంకా అటే దారి చూపిస్తుంటుంది. డొమైన్ ఎవరిదో రుజువు అడగని సేవైతే, ఇంకెవరో అందులో కొత్త ఖాతా తెరిచి మీ సబ్‌డొమైన్ పేరు చేర్చుకుంటే సరిపోతుంది. చిరునామా మీది, పేజీ వాళ్లది.

జూదం పేజీ పెట్టారు కాబట్టి మీకు తెలిసింది. అచ్చం మీ లాగిన్ పేజీలాంటిదే పెట్టి ఉంటే? ఆ చిరునామాకు ఉచిత సర్టిఫికెట్ (కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కి చూపే పత్రం) నిమిషాల్లో వస్తుంది కాబట్టి బ్రౌజర్ కూడా హెచ్చరించదు. డొమైన్ పేరు చూసి నమ్మమని పాఠకులకు చెప్పింది మనమే. చాలా పాస్‌వర్డ్ మేనేజర్లు కూడా ప్రధాన డొమైన్ కలిస్తే చాలు, వివరాలు నింపడానికి సిద్ధపడతాయి. కుకీల ప్రమాదం ఇంకా పెద్దది. లాగిన్ కుకీని (పాఠకుడు లాగిన్ అయ్యాడని గుర్తుంచుకోవడానికి సైటు బ్రౌజర్‌లో ఉంచే చిన్న గుర్తును) మొత్తం డొమైన్‌కి వర్తించేలా ఇచ్చి ఉంటే, పాఠకుడు ఆ సబ్‌డొమైన్‌ని తెరవగానే బ్రౌజర్ దాన్ని అక్కడికీ పంపేస్తుంది. అతను ఏదీ టైప్ చేయనక్కర్లేదు. ఆ కుకీ మీ ఎడిటర్‌ది అయితే రాత్రికి రాత్రి మీ సైటులో ఏ వార్త వస్తుందో మీ చేతిలో ఉండదు.

ఈ రోజే ఆ రికార్డు తీసేయండి. పాత లింకులు బతకాలనుకుంటే తీయడానికి బదులు దాన్ని మీ సొంత సర్వర్‌కి తిప్పి, అక్కడి నుంచి ప్రధాన సైటులోని ఆర్కైవ్‌కి 301 రీడైరెక్ట్ (శాశ్వత దారి మళ్లింపు) ఇవ్వండి. మొత్తం డొమైన్‌కి ఇచ్చిన లాగిన్ సెషన్లన్నీ రద్దు చేయండి. కుకీని ఇకపై డొమైన్ పేరు రాయకుండా ఇస్తే, ఇచ్చిన హోస్ట్‌కే పరిమితమవుతుంది. తర్వాత డీఎన్‌ఎస్ జోన్ (మీ డొమైన్ రికార్డులన్నీ) మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ప్రతి సీనేమ్ ఎక్కడికి పోతోందో చూడండి. ‘ఇక్కడ సైటు లేదు’ అని హోస్టింగ్ సంస్థ పేజీ వస్తే అదే మీ తర్వాతి ప్రమాదం. ఎవరు ఎప్పుడు తెరిచారో గుర్తులేని సబ్‌డొమైన్లు సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగుల్లో (జారీ అయిన సర్టిఫికెట్ల బహిరంగ జాబితాల్లో) దొరుకుతాయి. అవి అందరికీ తెరిచే ఉంటాయి, దుండగులూ అందులోనే వెతుకుతారు. ఇకపై ఏ పేజీ మూసినా ముందు డీఎన్‌ఎస్ రికార్డు, ఆ తర్వాతే హోస్టింగ్ ఖాతా. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తారు.

ప్రశ్న: మా ఉదయం న్యూస్‌లెటర్ చాలామందికి స్పామ్‌లోకి పోతోంది. అడిగి చేరినవాళ్లకే పంపుతున్నాం.

జవాబు: 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి మెయిళ్లు పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో మెయిల్ పంపే హక్కున్న సర్వర్ల జాబితా), డీకిమ్ (మెయిల్‌పై డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ పరీక్షలు నెగ్గని మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే నియమం) మూడూ ఉండాలి, ఒక్క నొక్కుతో వైదొలిగే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. ఇవి పెట్టామనే చాలామంది చెబుతారు. తీరా చూస్తే ఎస్‌పీఎఫ్‌లో వాడినవి, మానేసినవి కలిపి అన్ని మెయిల్ సేవల ఇన్‌క్లూడ్‌లూ (ఆ సేవల సర్వర్లనూ అనుమతించే నమోదులూ) ఉంటాయి. ఒక్కో ఇన్‌క్లూడ్‌కీ డీఎన్‌ఎస్‌లో వెతకాలి, ఆ వెతుకులాటలు 10 దాటితే ఎస్‌పీఎఫ్ మొత్తం విఫలమవుతుంది. పైగా మానేసిన సేవను అలాగే ఉంచితే, దాని సర్వర్ల నుంచి మీ పేరుతో మెయిల్ పంపే వీలు ఇంకొకరికి మిగిల్చినట్టే. సబ్‌డొమైన్ విషయంలో జరిగిన నిర్లక్ష్యమే ఇదీ.

తెలుగులో పంపేవాళ్లకు ఇంకో చిక్కుంది. జీమెయిల్ సుమారు 102 కేబీ దాటిన మెయిల్‌ని మధ్యలో కత్తిరిస్తుంది. యూటీఎఫ్-8లో (అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతిలో) ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు. నాలుగు కోడ్‌లు కలిసిన ‘క్షే’ అనే ఒక్క అక్షరమే 12 బైట్లు. నాలుగు కథనాలు పూర్తిగా కుక్కి, దానికి బరువైన టెంప్లేట్ తొడిగితే అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కనిపించకుండా పోతుంది. వద్దనుకున్న పాఠకుడు దారి దొరక్క స్పామ్ బటన్ నొక్కుతాడు. ఆ లింకుని పైన కూడా పెట్టండి. కథనానికి రెండు మూడు వాక్యాలు, ఒక లింకు ఇవ్వండి. డీమార్క్‌ని ముందు ‘నన్’లో (ఏ మెయిల్‌నీ ఆపని స్థితిలో) ఉంచి, నివేదికల్లో మీ మెయిళ్లన్నీ పాసవుతున్నాయని చూసుకున్నాకే ‘క్వారంటైన్’కి (స్పామ్‌లోకి పంపడం), ఆపైన ‘రిజెక్ట్’కి (తిరస్కరించడం) వెళ్లండి.

ప్రశ్న: సైటు తెరవగానే నోటిఫికేషన్ అనుమతి అడుగుతున్నాం. ఎవరూ ఒప్పుకోవడం లేదు. పాపప్ ఎలా మార్చాలి?

జవాబు: అలా అడగడమే మానేయండి. ఒక్క వాక్యం కూడా చదవని మనిషిని అడిగితే ఎందుకు ఒప్పుకుంటాడు? ఒకసారి ‘బ్లాక్’ నొక్కితే, అతను సెట్టింగుల్లోకి వెళ్లి మార్చేదాకా మీరు మళ్లీ అడగలేరు. ఫైర్‌ఫాక్స్ అయితే 2020 జనవరి నుంచి పాఠకుడు పేజీలో ఏదైనా నొక్కేదాకా ఆ పెట్టెను చూపించడమే లేదు. కథనం చివర ‘ఈ విషయంపై కొత్త వార్త వస్తే చెప్పమంటారా’ అని మీ సొంత బటన్ పెట్టి, అది నొక్కాకే బ్రౌజర్ అనుమతి అడగండి. అనుమతి ఇచ్చిన విషయంపైనే పంపండి.

ఈ చివరి రెండు ఉత్తరాల్లోనూ పాఠకుడి దగ్గరికి ఎలా చేరాలనే ఉంది. పాఠకుడు తిరిగి రాస్తే ఎవరు చదువుతారో ఒక్కరూ అడగలేదు. ఓపెన్ రేటు (మెయిల్ తెరిచినవారి శాతం) చూసి సంతోషపడే సంస్థలు న్యూస్‌లెటర్‌ని నో-రిప్లై (జవాబులు తీసుకోని) చిరునామా నుంచి పంపుతాయి. ఆ లెక్కా నిజం కాదు. 2021లో యాపిల్ మెయిల్‌కి వచ్చిన ప్రైవసీ సదుపాయం ఆన్‌లో ఉంటే, పాఠకుడు మెయిల్ చూడకపోయినా, తెరిచారో లేదో తెలిపే ట్రాకింగ్ బొమ్మ ముందే డౌన్‌లోడ్ అవుతుంది, తెరిచినట్టే నమోదవుతుంది. వార్తలో ఊరి పేరు తప్పు పడిందని పాఠకుడు రాసిన ఒక్క జవాబు ఆ శాతాలన్నిటికంటే విలువైనది. నో-రిప్లై తీసేసి డెస్క్ చిరునామా పెట్టండి, ఆటోమేటిక్ జవాబులు విడిపోయేలా ఒక ఫిల్టర్ రాయండి, మిగిలినవి చదివి సవరణలు చేసే బాధ్యత షిఫ్టుకొకరికి పేరు రాసి మరీ అప్పగించండి.