ఆ లైను తీసేయొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని చూస్తాను. సీజన్‌లో తోతాపురి లోడ్ల తూకాల ఫైలును రోజూ రాత్రి పెర్ల్ (ఒక ప్రోగ్రామింగ్ భాష) స్క్రిప్టుతో కూడి ఏ రైతుకు ఎంతో లెక్క తీస్తాం. నాకన్నా ముందు పనిచేసినాయన స్క్రిప్టు పైన 'యూజ్ మోడర్న్ పెర్ల్' అని ఒక లైను పెట్టారు. కాటా దగ్గరి కంప్యూటర్‌లో నడిపితే ఆ మాడ్యూల్ (విడిగా ఎక్కించుకోవాల్సిన కోడ్) లేదని ఆగిపోతోంది. లైను తీసేస్తే నడుస్తోంది. తీసేయొచ్చా సార్?

జవాబు: తీసేయండి, కానీ ఆ చోటు ఖాళీగా మాత్రం వదలొద్దు. ఆ మాడ్యూల్ ముఖ్యంగా చేసేది తప్పులు పట్టే స్ట్రిక్ట్, వార్నింగ్స్ అనే రెండు కాపలాలనూ ఆన్ చేయడం, దాంతోపాటు 'సే' (ఒక లైను తెర మీద చూపే ఆదేశం) లాంటి కొత్త సదుపాయాలు ఇవ్వడం. పెర్ల్ 1987 నాటిది, పాత స్క్రిప్టులు ఆగిపోకూడదని ఈ కాపలాలను తనంతట తాను పెట్టదు, మనమే అడగాలి.

స్ట్రిక్ట్ లేకపోతే, విలువను దాచుకునే 'బరువు' అనే వేరియబుల్‌ను ఒకచోట పొరపాటున 'బరవు' అని కొట్టినా పెర్ల్ నోరెత్తదు, ఖాళీ వేరియబుల్ ఒకటి కొత్తగా పుట్టించి ముందుకెళ్తుంది. స్ట్రిక్ట్ ఉంటే స్క్రిప్టు మొదలవకముందే ఆపి లైను నంబరు చెబుతుంది.

మీ పనికి వార్నింగ్స్ ఇంకా ముఖ్యం. తూకం ఫైలులో ఎవరైనా 12,450 అని కామాతో కొట్టారనుకోండి. పెర్ల్ కామా దగ్గర ఆగి దాన్ని 12గా తీసుకుంటుంది! పన్నెండు టన్నుల పైచిలుకు కాయ తోలిన రైతుకు పన్నెండు కిలోల లెక్క పడుతుంది, దీన్ని స్ట్రిక్ట్ పట్టుకోలేదు. వార్నింగ్స్ ఉంటే 'ఇది అంకె కాదు' అని తెర మీద చెబుతుంది, అయినా కూడిక మాత్రం సాగిపోతుంది, కాబట్టి రైతు డబ్బుతో ముడిపడ్డ స్క్రిప్టులో ఈ ఒక్క రకం హెచ్చరికను 'ఫేటల్' చేసి అక్కడే ఆగిపోయేలా పెట్టుకోమంటాను. తప్పు లెక్క బయటికి పోవడం కన్నా రాత్రి స్క్రిప్టు ఆగి మీకు ఫోన్ రావడమే నయం. కూడే ముందు కామాలు తీసేసే లైను ఎలాగూ రాయాలి.

ఇక ఏం పెట్టాలంటారా? కాటా దగ్గరి కంప్యూటర్‌లో పెర్ల్ వెర్షన్ చూడండి. 5.36 (2022లో వచ్చింది) గానీ ఆ తర్వాతది గానీ అయితే 'యూజ్ వి5.36' అన్న ఒక్క లైనుతో స్ట్రిక్ట్, వార్నింగ్స్, 'సే' అన్నీ వస్తాయి, ఏ మాడ్యూలూ ఎక్కించక్కర్లేదు. కాకపోతే పాత కోడ్‌లో క్లాస్ పేరుకు ముందు 'న్యూ' అని రాసిన చోట్లు ఉంటే అవి ఎర్రర్ ఇస్తాయి, దిద్దుకోవాలి. పాత వెర్షన్ అయితే 'యూజ్ స్ట్రిక్ట్', 'యూజ్ వార్నింగ్స్' అని విడిగా రెండు లైన్లు రాయండి, అవి పెర్ల్‌తోనే వస్తాయి. మోడర్న్ పెర్ల్ చెడ్డదని కాదు, అన్ని కంప్యూటర్లలోనూ ఎక్కించుకునే వీలుంటే పక్కన సంవత్సరం కూడా రాసి హాయిగా వాడుకోవచ్చు. నెట్ సరిగా రాని కాటా గదికి మాత్రం పెర్ల్‌తో వచ్చేదే మేలు.

ఈ లైన్లు ఏ ఫైలులో రాస్తే ఆ ఫైలుకే పనిచేస్తాయి. మీ స్క్రిప్టు ఇంకో ఫైలును పిలుస్తుంటే అందులోనూ రాయాలి. కామాలు తీసే లైను రాయకముందే ఒక పని చేయండి, తూకం ఫైలుకు కాపీ తీసి అందులో 12,450 అని పెట్టి నడిపి చూడండి. హెచ్చరిక రాలేదంటే కూడిక జరిగేది వేరే ఫైలులో అయ్యుంటుంది, దాన్ని తెరిచి పైన రాయండి.