'కైలీ' ఎక్కడి పేరు?

సందేహం: పెర్త్‌లో ఉంటున్న మా అమ్మాయి తన కూతురికి 'కైలీ' అని పేరు పెట్టుకుంది. ఇది 'కైలాసం' నుంచి వచ్చిందని మా బంధువులు అంటున్నారు. ఆస్ట్రేలియా ఆదివాసీల మాట అని మా అల్లుడుగారు చెబుతున్నారు. పేర్ల పుస్తకంలో మాత్రం 'కైల్' అనే మగపేరుకు స్త్రీరూపమని ఉంది. ఏది సరైనది? తెలుగులో 'కైలీ' అని రాయాలా, 'కైలి' అని రాయాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ అల్లుడుగారి మాటే బలమైనది. పెర్త్‌తో సహా పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి భాగమంతా నూంగార్ ప్రజల నేల. వేటలో విసిరే వంపు కర్రను, అంటే మనం బూమరాంగ్ అనే దానిని, వారి భాషలో 'కైలీ' అంటారు. 'బూమరాంగ్' అన్న మాట సిడ్నీ ప్రాంతపు భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. యూరోపియన్లు స్థిరపడటం మొదలైన 1788 నాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలు ఉండేవి కనుక, ఊరికే 'ఆదివాసీ భాషా పదం' అని సరిపెట్టడం 'భారతీయ భాషా పదం' అన్నంత అస్పష్టంగా ఉంటుంది. నూంగార్ పదమని పేరు పెట్టి చెప్పడమే న్యాయం.

ఆయుధానికి చెందిన ఈ మాటను ఆడపిల్ల పేరుగా వ్యాప్తిలోకి తెచ్చినవారు ఇంగ్లీషు మాట్లాడే ఆస్ట్రేలియన్లు. కేటీ, జూలీ వంటి పేర్లకు అలవాటు పడిన చెవికి దీని ఈకారాంతం ఇంపుగా తోచి ఉంటుంది. 1912లో పుట్టిన నవలా రచయిత్రి కేథ్లీన్ కైలీ టెనంట్ ఈ పేరును తొలినాళ్లలో ధరించినవారిలో ఒకరు. 1960, 70 దశకాలలో అక్కడ ఈ పేరు ఇంటింటా వినిపించింది. గాయని కైలీ మినోగ్ వల్లనే స్వదేశంలో దీనికి ఆదరణ వచ్చిందని చాలామంది అనుకుంటారు గాని, 1968లో మెల్‌బోర్న్‌లో పుట్టిన ఆమె, అప్పటికే ప్రచారంలో ఉన్న పేరును పెట్టుకున్న తరానికి చెందినవారే. ఆమె నటించిన 'నైబర్స్' ధారావాహిక, పాటలు 1980ల చివర బ్రిటన్‌ను ఊపేసినప్పుడు అక్కడ ఈ పేరు పుంజుకుంది. ఆస్ట్రేలియాలో మాత్రం అప్పటికే అది అమ్మల తరం పేరుగా మారే దారి పట్టింది.

ఇక 'కైల్' స్కాట్లండ్‌కు చెందిన పేరు, ఇరుకైన జలసంధి అనే అర్థమున్న గేలిక్ పదం నుంచి వచ్చింది. అమెరికాలో 'కైలీ'ని దాని స్త్రీరూపంగా భావించి పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు కాబట్టి పుస్తకం మాటను పూర్తిగా తోసిపుచ్చలేం. కాని ఆస్ట్రేలియా పేరుకు ఆ వ్యుత్పత్తి అతకదు. కైలాసంతో ఉన్నది ధ్వనిసామ్యం మాత్రమే.

గౌరీ, నదీ వంటి సంస్కృత స్త్రీలింగ శబ్దాలు తెలుగులో గౌరి, నది అని హ్రస్వాంతాలవుతాయి. ఇది అన్యదేశ్యం కనుక ఆ నియమం దీనికి వర్తించదు. మేరీ, లూసీ అని రాస్తున్నట్లే 'కైలీ' అని దీర్ఘంతో రాయండి. విభక్తులు చేరినప్పుడూ కైలీకి, కైలీని, కైలీతో అని ఆ దీర్ఘాన్ని నిలపండి.