ఆడిటర్‌కి ఇచ్చే డబ్బు దండగ కాదు, నా అనుభవం చెప్తాను

విశాఖ మధురవాడలో ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్మబోతున్నామని, హైదరాబాద్‌లో మీ చుట్టాలు రెండు షాపులతో మాట్లాడి పెట్టారని రాశారు. ఇంత చిన్న వ్యాపారానికి ఆడిటర్ అవసరమా, యూట్యూబ్ చూసి మనమే చేసుకోలేమా అని మీ ప్రశ్న.

నాకు గాజువాక ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. గేట్లు, గ్రిల్స్, కాంట్రాక్టర్లకి జాబ్ వర్క్. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఒక నెట్ సెంటర్‌లో చేయించాను. 2022లో నాన్నకి బాగోక ఏడు నెలలు షెడ్డు తీయలేదు. బిల్లే లేనప్పుడు రిటర్న్ (అమ్మకాలు, పన్ను లెక్క ఆన్‌లైన్‌లో చూపడం) ఎందుకు అనుకున్నాను. మళ్ళీ తెరిచి మొదటి బిల్లు పంపితే కాంట్రాక్టర్ ఆఫీసు నుంచి ఫోన్: "మీ జీఎస్టీ నంబరు క్యాన్సిల్ అయినట్టు చూపిస్తోందండీ, ఈ బిల్లు మేం తీసుకోలేం."

ఆ సాయంత్రమే ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ మేడం దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ నా ఫైల్లోంచి పాత అప్లికేషన్ ప్రింటు తీసి, ఒక లైను మీద పెన్ను పెట్టి, "ఈ మెయిల్ ఎవరిది?" అని అడిగారు. నెట్ సెంటర్ కుర్రాడిది. కింద ఉన్న ఫోన్ నంబరూ అతనిదే. నోటీసులన్నీ అక్కడికే వెళ్ళాయి, నాకు ఒక్కటీ తెలియలేదు. నెలనెలా రిటర్న్ వేసేవాళ్ళు వరుసగా ఆరు నెలలు వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయొచ్చని, అమ్మకాలు సున్నా అయినా నిల్ రిటర్న్ వేయాల్సిందేనని ఆ రోజే విన్నాను. నిల్ రిటర్న్ ఫోన్‌లో ఎస్సెమ్మెస్ పంపి కూడా వేయొచ్చట! లేటు ఫీజు కట్టేశాను, అదేం పెద్ద మొత్తం కాదు. నంబరు తిరిగి తెచ్చుకునేసరికి నెలన్నర పట్టింది. ఆలోగా ఆ కాంట్రాక్టరు పని ఇంకొకరికి వెళ్ళిపోయింది. నాకు బాధ దాని గురించే.

ఆవిడ అంతటితో ఆగలేదు. "మీకు రావాల్సిన బాకీలున్నాయా? ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా?" అని అడిగారు. రెండోదాని పేరే నాకు తెలియదు, చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపట. సరుకు ఇవ్వకముందే ఉద్యమ్ ఉంటే, కొన్నవాళ్ళు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టంలో ఉన్న మాట ఇది. ఇప్పుడు నా ప్రతి బిల్లు కింద ఉద్యమ్ నంబరు, చెల్లింపు గడువు రాస్తున్నాను. డబ్బు కోసం తిరగడం బాగా తగ్గింది.

ఇక మీ సంగతి. సరుకు అమ్మేవాళ్ళకి మన ఆంధ్రలో ఏడాదికి అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదని వీడియోల్లో చెప్తారు, నిజమే. కానీ హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం. పక్క రాష్ట్రానికి పచ్చడి అమ్మితే ఆ 40 లక్షల లెక్క మీకు పనిచేయదు, మొదటి అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. పోనీ అమ్మకాల మీద ఒక శాతం పన్నుతో పోయే కాంపోజిషన్ స్కీమ్ తీసుకుందామంటే, అందులో ఉన్నవాళ్ళు రాష్ట్రం దాటి సరుకు అమ్మకూడదు. వీడియో చేసినతనికి మీ చుట్టాలు హైదరాబాద్‌లో ఉన్నారని ఎలా తెలుస్తుంది? ఎదురుగా కూర్చున్న మనిషి అయితే "ఎక్కడెక్కడ అమ్ముతారమ్మా?" అని ముందు అదే అడుగుతారు.

అన్నిటికీ డబ్బు పోయమని నేను అనను. ఉద్యమ్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే మీరే చేసుకోవచ్చు. దానికి వేలు అడిగే ఏజెంట్లని నమ్మకండి. ఎంత చిన్నగా చేసినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు, అదీ ఆన్‌లైన్‌లోనే. లోన్లు, సబ్సిడీల వివరాలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఊరికే చెప్తారు. నెలవారీ రిటర్న్‌లకి పెద్ద ఆఫీసే అక్కర్లేదు, జీఎస్టీ ప్రాక్టీషనర్ (రిటర్న్‌లు వేసిపెట్టడానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్న మనిషి) చాలు. నేను నెలకి 1,500 ఇస్తున్నాను.

ఎవరి దగ్గరికి వెళ్ళినా మెయిల్, ఫోన్ నంబరు మీవే ఇవ్వండి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. పచ్చళ్ళ లేబుళ్ళు ప్రింటుకి ఇవ్వకముందే ఆడిటర్ దగ్గరికి వెళ్ళండి, హైదరాబాద్ షాపుల సంగతి మొదటే చెప్పండి.