కృత్రిమ డిస్క్ వేయించుకుంటే నడుం నొప్పి పూర్తిగా పోతుందా?

ప్రశ్న: నా వయసు 39. గుంటూరులో ఆఫీసు ఉద్యోగం. రెండేళ్లుగా నడుం నొప్పి. కాళ్లలోకి పాకదు గానీ కాసేపు కూర్చుంటే చాలు, పట్టేస్తుంది. ఎంఆర్‌ఐలో ఎల్5-ఎస్1 డిస్క్ (నడుం పూసల్లో అన్నిటికంటే కింద ఉండేది) అరిగిందన్నారు. మందులు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి. ఒక డాక్టరు రాడ్లు, స్క్రూలతో బిగించాలన్నారు. మరొకరు కృత్రిమ డిస్క్ మేలన్నారు. వెన్ను ఆపరేషన్ అంటే మంచాన పడతానని ఇంట్లో టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు

సలహా: ముందు ఇంట్లోవాళ్ల భయం సంగతి. పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి, రెండో నడుం పూసల దగ్గరే ఆగిపోతుంది. మీ డిస్క్ అంతకు చాలా కింద ఉంది, అక్కడ ఉండేవి నరాలు మాత్రమే. పైగా కృత్రిమ డిస్క్ సర్జరీ వీపు వైపు నుంచి కాదు, పొట్ట వైపు నుంచి చేస్తారు. కాళ్లు పడిపోవడం చాలా అరుదు.

నిజంగా జాగ్రత్తపడాల్సింది పూసల ముందుండే పెద్ద రక్తనాళాల విషయంలో. ఆపరేషన్‌లో వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) కూడా ఉంటారా అని మొహమాటపడకుండా అడగండి. మగవాళ్లకు చాలామంది చెప్పని విషయం ఒకటుంది. ఎల్5-ఎస్1 ముందు సన్నటి నరాలు ఉంటాయి. అవి దెబ్బతింటే వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్తుంది. ఇది కొద్దిమందికే వస్తుంది, అంగస్తంభనకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ముందుగానే వీర్యం భద్రపరచుకోవచ్చు.

ఇక నొప్పి. చాలామందికి బాగా తగ్గుతుంది, కొందరికి కొంత మిగులుతుంది, కొద్దిమందికి ఏమీ తగ్గదు. ‘మళ్లీ ఇరవై ఏళ్ల నడుం’ వస్తుందనుకుంటే నిరాశ తప్పదు. మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2004లో చారిటే అనే కృత్రిమ డిస్క్‌కు, 2006లో ప్రోడిస్క్-ఎల్ అనే దానికి అనుమతి ఇచ్చింది. ఫ్యూజన్‌తో (అంటే పూసలను కదలకుండా బిగించే ఆపరేషన్‌తో) పోల్చి చూస్తే వీటి ఫలితాలు తీసికట్టు కాదని అనుమతి కోసం చేసిన పరీక్షల్లో తేలింది. పూస కదలిక మిగలడం దీని లాభం. దానివల్ల పక్క డిస్కుల మీద భారం తగ్గుతుందన్నది సబబైన ఆశే గానీ గ్యారంటీ కాదు.

ఫలితం సగం ఎవరికి చేస్తున్నామన్న దాని మీదే ఉంటుంది. నొప్పే లేనివాళ్ల ఎంఆర్‌ఐలోనూ అరిగిన డిస్కులు కనిపిస్తాయి. కాబట్టి మీ నొప్పి ఆ డిస్క్ నుంచే వస్తోందని ముందు నమ్మకంగా తేలాలి. పూసల వెనక ఉండే ఫేసెట్ కీళ్లు అరిగినా, పూస జారినా, ఎముకలు గుల్లబారినా, నరాల దారి ఇరుకైనా కృత్రిమ డిస్క్ పనికిరాదు. మీకు ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారంటే తేడా బహుశా ఇక్కడే ఉంటుంది. ముందుకు వంగి, వెనక్కి వంగి తీసే ఎక్స్‌రేలు, సీటీ స్కాన్ చేయించి, ‘నా ఫేసెట్ కీళ్లు ఎలా ఉన్నాయి?’ అని ఇద్దరినీ అడగండి.

ఆపరేషన్ అయ్యాక అదే రోజో మర్నాడో నడిపిస్తారు. పొట్ట ఉబ్బరం ఒకట్రెండు రోజులు ఇబ్బంది పెడుతుంది. ఒక కాలు వెచ్చగా, రెండోది చల్లగా అనిపిస్తే కంగారుపడకండి. అది సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, అయితే డాక్టరుకు చెప్పాలి. అన్నీ సవ్యంగా ఉంటే దాదాపు నెలా నెలన్నరలో ఆఫీసుకు వెళ్లొచ్చు. బరువులెత్తడం, గుంతల రోడ్డు మీద బైక్ నడపడం మాత్రం సర్జన్ సరేననే దాకా, సాధారణంగా మూడు నెలల దాకా వద్దు. ఫిజియోథెరపీ మానకండి.

ఈ డిస్క్‌లో లోహపు పలకలు, మధ్యలో ప్లాస్టిక్ ఉంటాయి. ఎప్పుడైనా తీయాల్సి వస్తే రెండోసారి పొట్ట వైపు నుంచి వెళ్లడం మొదటిసారి కంటే చాలా రిస్క్, ఎందుకంటే రక్తనాళాలు అతుక్కుపోయి ఉంటాయి. మీ వయసుకు ఇది పెద్ద విషయం. క్రమం తప్పకుండా వ్యాయామం ఆరు నెలలైనా చేసి ఉండకపోతే ముందు అది పూర్తి చేయండి, తొందరేం లేదు. కాలు బలహీనమైనా, మూత్రం ఆగిపోయినా లేదా అదుపు తప్పినా, మర్మాంగాల దగ్గర తిమ్మిరి వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.