11 ఏళ్ల కుక్కకి ఏం పెట్టినా కడుపు పాడవుతోంది, పెరుగన్నం రోజూ పెట్టొచ్చా?

మీరు ఏం పెట్టాలని అడిగారు. మీ ఇంట్లో దానికి ఎవరెవరు పెడుతున్నారని నేను అడుగుతాను. నవ్వకండి, మాకు ఈ ప్రశ్న తట్టడానికి మూడు రాత్రుల సెలైన్ పట్టింది.

మాది చెన్నైలో పెరంబూరు వైపు. మా కరుప్పుకి 13 దాటాయి. జాతి కుక్కేం కాదు, గేటు దగ్గర వానలో తడుస్తుంటే పైకి తెచ్చుకున్నాం. పేరు వాచ్‌మన్ అన్న పెట్టాడు. మా అత్తయ్య మాత్రం "నల్లోడా" అంటారు. వాడు రెండింటికీ పలుకుతాడు, చేతిలో తిండి ఉంటే మీరు ఏ పేరుతో పిలిచినా పలుకుతాడు. "వీధి కుక్క కదండీ, రాళ్లు తిన్నా అరుగుతుంది" అని మా ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో అందరూ డాక్టర్లే. నిజంగానే అరిగింది, పదేళ్ల దాకా. ఆ తర్వాత నెలకోసారి విరేచనాలు, తెల్లారేసరికి హాల్లో పసుపు రంగు నురగ. దగ్గర్లో ఒక క్లినిక్‌కి తీసుకెళితే ప్రతిసారీ ఒక ఇంజెక్షన్, ఒక బిల్లు, "ఫుడ్ మార్చండి" అనే మాట. నిన్న ఏం తిన్నాడని ఒక్కసారైనా అడిగితే ఒట్టు. మేమూ మారుస్తూనే పోయాం. ఆ మార్చడమే సగం జబ్బు అని తర్వాత తెలిసింది.

రెండేళ్ల కిందట ధనుర్మాసం. ఇక్కడ మార్గళి అంటే తెలుసు కదా, తెల్లవారుజామున వీధంతా ముగ్గులు, గుళ్లో పొంగలి. అత్తయ్య ఐదింటికే పెరుమాళ్ గుడికి వెళ్లి రెండు దొన్నెలతో వచ్చేవారు. ఒకదాంట్లో మిరియాల కట్టె పొంగలి, ఇంకోదాంట్లో చక్కెర పొంగలి. వేలు పెడితే మోచేతి దాకా నెయ్యి. ఒక రోజు రాత్రి రెండింటికి వాడు కక్కడం మొదలుపెట్టాడు. మొదట పొంగలి, తర్వాత నురగ, ఆ తర్వాత ఏమీ లేకపోయినా వోక్, వోక్ అని ఒకటే వికారం. కాసేపటికి ముందు కాళ్లు నేలకి చాపి, ఛాతీ ఆనించి, వెనక భాగం పైకి లేపి అలాగే ఉండిపోయాడు. అత్తయ్య నిద్రలోంచి లేచి వచ్చి చూసి, "ధనుర్మాసం కదే, దణ్ణం పెడుతున్నాడు" అన్నారు. మావారు ఫోటో కూడా తీశారు. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

తెల్లారగానే ఆటోలో వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రికి. 1903లో పెట్టిన కాలేజీ అది, ఊళ్లో ముసలి కుక్కలన్నీ అక్కడే కనిపిస్తాయి, లైను మాత్రం పొడుగు. కుర్ర డాక్టరమ్మ ఫోటో చూసి నవ్వలేదు. పొట్టలో నొప్పి భరించలేనప్పుడు కుక్కలు అలా నిలబడతాయట, వాళ్లు దాన్ని ప్రార్థన భంగిమ అనే అంటారట. "నిన్న ఏం పెట్టారు?" అని అడిగింది. "ప్రసాదం" అన్నాను. "అందులో కిస్మిస్ ఉందా?" అంది. నాకు కాళ్లలో సత్తువ పోయింది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. కొవ్వు ఒక్కసారిగా ఎక్కువగా లోపలికి పోతే కొన్ని కుక్కలకి పాంక్రియాస్ వాస్తుంది, తిండిని అరిగించాల్సిన రసాలు ఆ గ్రంథినే తినడం మొదలుపెడతాయి. ద్రాక్ష, కిస్మిస్ సంగతి ఇంకా దారుణం. ఒక కుక్క గుప్పెడు తిన్నా ఏమీ కాదు, ఇంకో కుక్కకి నాలుగు పలుకులతో కిడ్నీలు దెబ్బతింటాయి. మీ కుక్క ఏ రకమో ముందుగా తెలిసే దారి లేదు. రక్తపరీక్షలో మావాడి కిడ్నీలు బాగానే ఉన్నాయి, పాంక్రియాసే వాచింది. మూడు రోజులు సెలైన్.

నాలుగో రోజు ఇంట్లో పంచాయతీ పెట్టాను. ఎవరు ఏం పెడుతున్నారో చెప్పండి అన్నాను. అత్తయ్య ప్రసాదం, అది ఎలాగూ బయటపడింది. మా చిన్నాడు రోజూ స్కూలు నుంచి వచ్చాక నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు. మావారు ఆమ్లెట్ అంచులు, ఉల్లిపాయలతో సహా. పనమ్మాయి మిగిలిన ఉప్మా. కింద టీ కొట్టాయన బన్ను. వాచ్‌మన్ అన్న రాత్రి పరోటా, సాల్నాలో, అంటే పరోటాతో ఇచ్చే మసాలా పులుసులో ముంచి మరీ. ఏడో చెయ్యి నాదే, "ముసలాడు, బలం ఉండాలి" అని పడుకోబోయే ముందు గిన్నెడు పాలు. అందరూ పెట్టింది "కొంచెమే". ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినా కుక్కల ఎర్ర రక్తకణాలు పాడుచేస్తాయని, సాల్నా అంటే ఆ రెండే కదా అని అన్నకి చెబితే, "ఒణ్ణుం ఆగాదమ్మా" అన్నాడు. ఏమీ కాదట! మూడు రాత్రులు ఆసుపత్రి నేల మీద నేను కూర్చున్నాను, ఆయన కాదు.

అందుకే నా మాట వింటే, మీరు కుక్కల ఫుడ్ మార్చడం ఆపి, ఒక వారం పాటు ఒకే మనిషి పెట్టేలా చూడండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఇది నా లెక్కే, ఏ డాక్టరూ చెప్పలేదు, అయినా నాకు అనుమానం లేదు.

ఇక పెరుగన్నం. చెన్నైలో మనిషికైనా కుక్కకైనా అన్ని రోగాలకీ మందు అదే. పులిసిన పెరుగులో పాలకన్నా లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, తక్కువే, కొన్నిటికి రెండు చెంచాలు పడుతుంది. మావాడికి పడలేదు. పడినా రోజూ అదే పెడితే మాంసకృత్తులు చాలవు, ముసలి కుక్కకి కండ కరిగిపోతుంది. తాలింపు వేసింది అసలే వద్దు.

కడుపు చెడిన రోజుల్లో మాకు పనిచేసింది మెత్తగా జావలా ఉడికిన అన్నం, తోలూ కొవ్వూ తీసేసిన చికెన్ ముక్కలు ఉత్త నీళ్లలో ఉడికించి చిదిమినవి, ఒక చెంచా ఉడికిన గుమ్మడి. ఉప్పు, పసుపు, మసాలా ఏమీ లేకుండా. ఎముక అస్సలు వద్దు, ఉడికిన ఎముక చీలికలై పేగుకి గుచ్చుకుంటుంది. రెండు పూటలు పెట్టేదాన్ని నాలుగుగా పంచాం. కొంచెం గోరువెచ్చగా పెడితే వాసన తగిలి తింటాడు, వయసైపోయాక ముక్కు కూడా మందగిస్తుంది. కానీ ఇది నాలుగైదు రోజుల తిండి. నెలలకి నెలలు ఇదే పెడితే కాల్షియం లాంటివి అందవు. తర్వాత డాక్టరమ్మ చెప్పిన, కొవ్వు తక్కువ ఉన్న ప్యాకెట్ ఫుడ్‌కి పది రోజుల్లో మెల్లగా మార్చాం, మొదట పావు వంతు కలిపి, తర్వాత సగం, తర్వాత ముప్పావు. ధర అడగకండి. మా నలుగురి నెల బియ్యం ఖర్చు కంటే ఎక్కువ, మావారు ఇప్పటికీ ఆ బిల్లు చూసి, వచ్చే జన్మలో కరుప్పుగా పుడతానంటారు.

ఒకటి మాత్రం వాయిదా వేయకండి. 11 ఏళ్లన్నారు కాబట్టి ఒకసారి రక్తపరీక్ష చేయించండి, కిడ్నీ, లివర్ పాడైనా ముందు కడుపే గొడవ చేస్తుంది. కీళ్ల నొప్పికి మాత్రలేమైనా వాడుతుంటే అదీ చెప్పండి, వాటితోనూ కడుపు చెడుతుంది. మలం తారులా నల్లగా వచ్చినా, నీళ్లు కూడా నిలవకుండా కక్కినా, పొట్ట ఉబ్బి కక్కలేక అల్లాడినా ఇక్కడ ప్రశ్న టైప్ చేస్తూ కూర్చోకుండా ఆటో ఎక్కండి. మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వెయ్యకండి.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంటుంది, పెట్టినవాళ్లు టిక్కు కొట్టాలి. పోయిన ధనుర్మాసంలో అత్తయ్య గుడి నుంచి వచ్చి, ఖాళీ దొన్నెలో ఉడికించిన గుమ్మడి ముక్క వేసి "ప్రసాదంరా నల్లోడా" అని పెట్టేవారు. వాడు దొన్నె కూడా నాకేసేవాడు. అత్తయ్య మారారు. వాచ్‌మన్ అన్న మీదే నాకింకా నమ్మకం లేదు. మొన్న బుధవారం వాడు కింద నుంచి వచ్చినప్పుడు మూతి వాసన చూశాను, సాల్నాయే.