డెక్సానా, హైడ్రోకార్టిజోనా? సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. బాబు 26 వారాలకే పుట్టాడు, ఇవాళ్టికి 22 రోజులు, బరువు 900 గ్రాములు. వెంటిలేటర్ మీదే ఉన్నాడు, రెండుసార్లు ట్యూబ్ తీసి మళ్లీ పెట్టారు. ట్యూబ్ తీయడానికి డెక్సా (డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) ఇంజెక్షన్ ఇస్తాం, సంతకం పెట్టండి అంటున్నారు. దానితో బ్రెయిన్ దెబ్బతింటుంది, హైడ్రోకార్టిజోన్ అనే ఇంకో స్టెరాయిడ్ ఇమ్మనమని మా బావగారు అంటున్నారు.

జవాబు: మీ బావగారిది ఉత్త భయం కాదండీ. ఒకప్పుడు డెక్సాని పుట్టిన మొదటి వారంలోనే, అదీ కిలోకి రోజుకి 0.5 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టి ఇచ్చేసేవాళ్లు, ట్యూబ్ తొందరగా వచ్చేసేది, తీరా పిల్లలు కాస్త పెద్దయ్యాక చూస్తే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా కదలకపోవడం) ఎక్కువగా కనపడింది. అందుకే 2002లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం దాన్ని మామూలుగా వాడొద్దంది.

మీ వాడి లెక్క వేరు. మొదటి వారం ఎప్పుడో దాటింది, రెండుసార్లు ట్యూబ్ తీస్తే తట్టుకోలేకపోయాడు. వెంటిలేటర్ కూడా ఊరికే పోదు, రోజులు గడిచేకొద్దీ ఆ ప్రెషర్, ఆ ఆక్సిజనే ఊపిరితిత్తుల్ని పాడుచేస్తాయి, ఆ జబ్బు ముదిరితే బ్రెయిన్‌కీ నష్టమే. ఇప్పుడిచ్చే డోసు చాలా తక్కువ, పది రోజులకి మొత్తం కలిపి కిలోకి 0.89 మిల్లీగ్రాములు, మెడికల్ షాపులో దొరికే 0.5 మిల్లీగ్రాముల డెక్సా టాబ్లెట్లు రెండింటిలో ఉండేంత మందు కూడా కాదు మీ వాడికి.

హైడ్రోకార్టిజోన్‌తో పోలిస్తే డెక్సా దాదాపు 25 రెట్లు పవర్. బీపీ పడిపోయి వేరే మందులకి లేవకపోతే విజయవాడలో మేమూ హైడ్రోకార్టిజోనే అందుకుంటాం. ట్యూబ్ తీయడానికైతే, 2022లో అమెరికా నుంచి వచ్చిన పెద్ద స్టడీలో అది కొంత సాయపడింది గానీ ఊపిరితిత్తుల జబ్బు లేకుండా బయటపడ్డవాళ్లు పెద్దగా పెరగలేదు.

బాబుని చూడకుండా నేను మందు మార్చమనను. సంతకానికి ముందు రెండు అడగండి: ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్నారా, గుండె దగ్గర నాళం మూయడానికి ఐబుప్రోఫెన్ లాంటిది నడుస్తోందా. ఆ మందూ డెక్సా కలిస్తే పేగుకి చిల్లు పడే ప్రమాదం ఉంది. అవి లేవంటే పెట్టేయండి, నేనైతే ఆలస్యం చేయను.

మొదలుపెట్టాక మడమకి సూది గుచ్చి మాటిమాటికీ షుగర్ చూస్తారు, కంగారుపడకండి, షుగరూ బీపీ పెరుగుతాయి, బరువు కొన్నాళ్లు కదలదు. మూడు నాలుగు రోజులైనా వెంటిలేటర్‌లో ఇచ్చే ఆక్సిజన్ శాతం దిగకపోతే మాత్రం, ఇంకా ఇవ్వాలా అని అడగండి.

ఇంకోటి, ఇంత చిన్నగా పుట్టినవాళ్లకి రెండు మూడు వారాలకే రెటీనా (కంటి వెనక పొర) చెకప్ జరగాలి, మీరు రాసినదాంట్లో ఆ ఊసే లేదు. రేపు రౌండ్స్‌లో అడగండి.